డేరియస్ పదమూడో పాఠం

నా డైరీలో ఒక శనివారం పేజీ మీద మూడు వాక్యాలే ఉన్నాయి. "సాయంత్రం నాలుగు. డైరెక్టర్‌గారు నా ఎదురుగా నిద్రపోతున్నారు. డైరెక్టర్‌గారి దగ్గర నుంచి మెయిల్ వచ్చింది."

నలభై ఏళ్ళకు పైగా రోజుకో పేజీ రాస్తున్నాను. వాన పడిందా, మంచు పడిందా, ఎన్నింటికి ఆఫీసుకు వెళ్ళాను, ఎవరితో ఏం మాట్లాడాను, ఏ మెయిల్ ఎన్నింటికి వచ్చింది, అన్నీ ఉంటాయి. పేజీలో ముప్పావు భాగం ఖాళీగా వదిలేసిన రోజు అదొక్కటే. రాయడానికి ఏమీ లేక కాదు. ఆ మూడు వాక్యాల పక్కన ఇంకో వాక్యం ఎలా పెట్టాలో ఆ రోజు నాకు తెలియలేదు. ఇప్పుడు రిటైరై తీరిగ్గా ఉన్నాను కాబట్టి, కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న మీ కోసం మిగతా ముప్పావు పేజీ ఇక్కడ నింపుతున్నాను.

డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో కార్ల సీట్‌బెల్టులకు బకిల్స్ తయారుచేసే కంపెనీలో పనిచేశాను. బెల్టు కొసన ఉండే లోహపు నాలుకను బకిల్‌లోకి తోస్తే టక్ మంటుంది చూడండి, ఆ టక్ మా వ్యాపారం. పరీక్షల్లో నెగ్గిన బకిల్సే బయటికి వెళ్ళేలా చూడటం నా పని. నా సంతకం పడనిదే పెట్టె కదలదు. ఎప్పుడైనా ఏదో తేడా వచ్చి, అయినా సరుకు పంపక తప్పకపోతే, దానికి డీవియేషన్ అని ఒక కాగితం ఉంటుంది. అందులో తేడా ఏమిటో, ఎందుకు ఫరవాలేదనుకుంటున్నామో రాసి డైరెక్టర్‌కు పంపాలి. ఆయన సరేనన్నాక నేను సంతకం పెట్టాలి. టెక్నికల్ సంగతి మీరు తెలుసుకోవాల్సింది ఇంతే.

ఆ డైరెక్టర్ కాకినాడ వైపు మనిషి. నాకంటే తొమ్మిదేళ్ళు చిన్న. నలుగురిలో ఇంగ్లీషు మాట్లాడేవారు, ఇద్దరమే ఉంటే తెలుగు. నన్ను "గురువుగారూ" అనేవారు. నేను ఆయనకు నేర్పింది ఏమీ లేదు. నెరిసిన తలను చూసి ఇచ్చిన పదవి అది.

ఆయనకు ఒక పిచ్చి ఉండేది. రెండున్నర వేల ఏళ్ళ కిందట పర్షియాను ఏలిన డేరియస్ అనే చక్రవర్తి మీద ఎక్కడ ఏం దొరికినా చదివేవారు. చదివి ఊరుకుంటే బాగుండేది. డేరియస్ జీవితం నుంచి నాయకత్వానికి పన్నెండు పాఠాలు ఏరి, పన్నెండు స్లైడ్లు చేసి, శుక్రవారం లంచ్ సమయంలో వారానికొకటి చెప్పేవారు. పన్నెండూ అయ్యాక మళ్ళీ మొదటిది. పిజ్జా పెట్టించేవారు కాబట్టి జనం వచ్చేవారు. నాలుగో ఆవృత్తికి వచ్చేసరికి డేరియస్ మా ప్లాంట్‌లో ఉద్యోగి అయిపోయాడు. ట్రక్కు ఆలస్యమైతే, "డేరియస్ టపా గుర్రాలైతే ఈపాటికి చేరేవి" అని లోడింగ్ దగ్గర అమెరికన్ కుర్రాళ్ళు కూడా అనేవారు.

అందులో అయిదో పాఠం అంటే మాత్రం అందరికీ కొంచెం భయం, కొంచెం ఇష్టం. డేరియస్‌కు ముందు సింహాసనం మీద ఒక నకిలీ రాజు కూర్చున్నాడట. చనిపోయిన రాజకుమారుడు తానేనని చెప్పుకున్నాడట. కోట దాటి బయటికి రాడు. పెద్దలెవరినీ ఎదటికి రానివ్వడు. ఆజ్ఞలు మాత్రం రోజూ బయటికి వస్తుంటాయి, పన్నులు తగ్గుతుంటాయి, రాజ్యం చక్కగా నడుస్తుంటుంది. నెలల తరబడి ఎవరికీ అనుమానం రాలేదు. చివరికి అంతఃపురంలో ఒక రాణి, తండ్రి రహస్యంగా కబురు చేస్తే, అతను నిద్రపోతున్నప్పుడు చెయ్యి చాపి జుట్టు కింద తడిమి చూసింది. చెవులు లేవు. ఎప్పుడో ఏదో నేరానికి చెవులు కోయించుకున్నవాడు. ఆ సంగతి తెలిసిన ఏడుగురు కోటలోకి దూరి అతన్ని చంపారు. ఆ ఏడుగురిలో ఒకడు డేరియస్, తర్వాత రాజైనవాడు అతనే.

ఇక్కడిదాకా చెప్పి మా డైరెక్టర్ ఆగేవారు. చిన్నగా నవ్వి అడిగేవారు. "ఈ కథంతా మనకు చెప్పింది డేరియసే కదండీ? పెద్ద కొండ మీద చెక్కించాడు. చెక్కించి, అక్కడికి ఎక్కే దారి తీయించేశాడు, ఇంకెవ్వరూ చెయ్యి పెట్టకుండా. నిజమే చెప్పినవాడికి అంత భయం ఎందుకండీ?"

జవాబు ఆయనా చెప్పేవారు కాదు. "ఆలోచించండి" అని పిజ్జా వైపు చూపించేవారు.

డీవియేషన్ల దగ్గరా ఇదే వరస. ఎంత చిన్న తేడా అయినా సరే, కాగితం పంపగానే ఫోన్ వచ్చేది. మూడు ప్రశ్నలు. ఎవరు చూశారు? మీరు చూశారా? చూడకుండా వదిలేసింది ఏమిటి? రెండో ప్రశ్నకు నేను నీళ్ళు నమిలితే, "ఓసారి కిందకెళ్ళి చూసి రండి గురువుగారూ, నేను ఇక్కడే ఉంటాను" అనేవారు. ఉండేవారు కూడా. లైన్ కట్ చేసేవారు కాదు. నేను మెట్లు దిగి, చూసి, ఎక్కి వచ్చేదాకా ఫోన్‌లో ఆయన కీబోర్డు చప్పుడు వినిపిస్తూ ఉండేది.

నిజం చెప్పాలంటే నాకది విసుగు. నా డైరీలో ఆ విసుగంతా ఉంది. "ఇవాళా అదే ప్రశ్న." "మళ్ళీ కిందికి పంపించారు. మోకాలు నొప్పి." కానీ మీటింగుల మినిట్స్ రాసేవాణ్ణి కూడా నేనే. మినిట్స్‌లో ప్రశ్నలు రాయలేదు. నిర్ణయాలు మాత్రమే రాసేవాణ్ణి. శుక్రవారం పాఠాలకూ అంతే, ఆయన చెప్పింది రాసేవాణ్ణి, అడిగింది వదిలేసేవాణ్ణి. ప్రశ్నలకు మినిట్స్‌లో చోటెందుకని నా అభిప్రాయం. ప్రతి అంశం చివరా ఒకే మాట పెట్టేవాణ్ణి: "ఈ విషయం ఇంతటితో ముగిసింది."

దాని మీద ఆయన వేళాకోళం చేసేవారు. "గురువుగారూ, నేను తలుపులు తీసుకుంటూ పోతాను, మీరు వెనకాలే గడియలు పెట్టుకుంటూ వస్తారు."

ఒక చలికాలం మొదట్లో ఆయన గొంతుకు ఆపరేషన్ అన్నారు. కొన్నాళ్ళు మాట రాదు, ఇంటి నుంచి మెయిల్ మీద పనిచేస్తారు అని అందరికీ చెప్పారు. వెళ్ళే ముందు నా టేబుల్ దగ్గరికొచ్చారు.

"మీ మినిట్స్ అన్నీ ఒక ఫైల్‌గా చేసి ఇస్తారా? మొదటి నుంచి."

"అన్నీనా? ఎందుకండీ?"

"మెయిల్స్‌కి జవాబులు రాయడానికి ఒక ప్రోగ్రామ్ పెట్టిస్తున్నాను. నా పద్ధతి దానికి తెలియాలంట. నా మాటలు నాకు గుర్తుండవు కదా, మీ దగ్గర ఉంటాయి."

ఇచ్చాను. పదకొండేళ్ళ మినిట్స్. తేదీల వారీగా, పేజీ నంబర్లతో. గర్వంగానే ఇచ్చాను.

తర్వాత ఆయన కనబడలేదు. ఎవరినీ ఇంటికి రావద్దని కబురు చేశారు. మాట లేకుండా నలుగురి ముందు కూర్చోవడం ఇష్టం లేదన్నారట. హెచ్.ఆర్. వాళ్ళను అడిగితే, ఆరోగ్యం సంగతి ఎవరికీ చెప్పకూడదన్నారు. అది ఇక్కడి చట్టం. మెయిల్స్ మాత్రం వస్తూనే ఉన్నాయి. ప్రతి శుక్రవారం ఉదయం ఆ వారం పాఠం కూడా వచ్చేది. ఆయన లేని గదిలో మేము పిజ్జా తింటూ ఆయన పాఠాన్ని స్క్రీన్ మీద చదువుకునేవాళ్ళం. ఖాళీగా ఉన్న ఆయన కుర్చీలో ఎవరూ కూర్చునేవారు కాదు. ఆయన చివరి గుటకలు వదిలేసిన కాఫీ కప్పు రెండు వారాలు అలాగే ఉంది. తీయాలని ఎవరికీ అనిపించలేదు.

మూడో వారంలో ఒక డీవియేషన్ పంపాను. బకిల్ లోపలి స్ప్రింగుకు పూసే గ్రీజు మారింది. కొత్త గ్రీజుతో చలి పరీక్ష ఇంకా కాలేదు, ఈలోగా వాడవచ్చా అని. మా ప్రోగ్రామ్ మేనేజర్, సరుకు వేళకు పంపే బాధ్యత ఉన్నవాడు, స్థానికుడు, మంచి మాటకారి, నాకు ఒక సలహా ఇచ్చాడు. సాయంత్రం ఇంటికి వెళ్ళే ముందు పంపు, పొద్దున వచ్చేసరికి అనుమతి ఉంటుంది అన్నాడు. ఉంది. "సరే. మంచి పని చేశారు గురువుగారూ." ఫోన్ లేదు, ప్రశ్న లేదు. మాట రాని మనిషి ఫోన్ ఎలా చేస్తారు అనుకున్నాను. ఇంకా నిజం చెప్పాలంటే, కిందికి వెళ్ళే పని తప్పిందని సంతోషించాను. సంతకం పెట్టాను.

ఆ తర్వాత బటన్ రంగు మీద ఇంకోటి. అదీ పొద్దున్నే వచ్చింది. సంతకం పెట్టాను.

ఏడో వారంలో ఒక గురువారం, చలి పరీక్షలు చేసే అమ్మాయి నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడింది. వరంగల్ వైపు పిల్ల, ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. చేతిలో ఒక బకిల్ ఉంది.

"అంకుల్, మీకు రిపోర్ట్ పంపిన. చదివిండ్రా?"

"చదివానమ్మా. ముప్ఫైలో రెండు."

"ఆ రెండు టక్ మంటున్నయ్ అంకుల్. లాక్ అయినట్టే సౌండ్ వస్తది. కానీ లోపల పట్టుకుంటలేదు. గుంజితే ఊడొస్తది." చేతిలోని బకిల్‌ను నా ముందు పెట్టింది. "ఇక్కడ, గది వేడికి మంచిగనే ఉంటది. చూడుండ్రి."

లాక్ చేసి లాగాను. గట్టిగా పట్టుకుంది.

"లోపల మైనస్ ముప్ఫై కాడ పెడితేనే గట్లయితది. కొత్త గ్రీజు గడ్డకడుతదేమో అంకుల్. ప్రోగ్రామ్ మేనేజర్ ఏమో, చలి చాంబర్ల మంచు పేరుకున్నది, అందుకే అయింది, డీవియేషన్ పెట్టుండ్రి, సోమవారం ట్రక్ పోవాలె అంటున్నడు."

"నువ్వేమంటావు?"

ఆ అమ్మాయి బకిల్‌ను మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "నేనేమంట అంకుల్? నా వీసా కాగితాలు ఆయన కిందనే ఉన్నయ్. మీరు ఒక్కసారి వచ్చి చూస్తే మంచిగుంటుండె."

చూస్తానన్నాను. వెళ్ళలేదు. మోకాలికి మైనస్ ముప్ఫై పడదు. డైరెక్టర్‌గారు ఎలాగూ చూసి చెబుతారు కదా అని ఒక సాకు కూడా ఉంది.

మర్నాడు శుక్రవారం. పన్నెండు పాఠాలూ ముందు వారంతో అయిపోయాయి. మళ్ళీ మొదటిది వస్తుందనుకున్నాం. గదిలో స్క్రీన్ మీద "పాఠం పదమూడు" అని ఉంది.

ఎవరో నవ్వారు. "మంచం మీద ఉండి కూడా కొత్తది రాశారే" అన్నారు. నేను చదివాను. మీకు దాని సారం చెబుతాను. డేరియస్ తన మాటను ఎవరికీ అందనంత ఎత్తులో చెక్కించాడు. అక్కడికి ఎక్కే దారి తీయించాడు. అందువల్ల ఎవరూ ఎదురు రాయలేకపోయారు. రాజ్యం స్థిరపడింది. నాయకుడి మాట అలా ఉండాలి. ఆఖరి వాక్యం: "ఈ విషయం ఇంతటితో ముగిసింది."

పిజ్జా ముక్క చేతిలో అలాగే ఉండిపోయింది. అది నా వాక్యం. పదకొండేళ్ళుగా నేను రాసిన వాక్యం. దాన్ని వెక్కిరించిన మనిషి దాన్ని తన పాఠం కింద పెట్టుకోడు. పైగా కొండ సంగతి ఆయన ఎప్పుడు చెప్పినా చివర ఒక ప్రశ్న ఉండేది: అంత భయం ఎందుకు? ఆ ప్రశ్న ఈ పాఠంలో లేదు. ఎక్కడ లేదో నాకు తెలుసు. నా మినిట్స్‌లో లేదు.

స్క్రీన్ మీద ఆయన పేరు, కింద నా మాటలు. ఎవరో నా గొంతుతో నాకే ఉత్తరం రాస్తున్నట్టు ఉంది.

ఇంటికి వెళ్ళి డైరీలు తీశాను. ఆపరేషన్‌కు ముందు పదకొండేళ్ళలో ప్రశ్న లేకుండా వచ్చిన అనుమతి ఒక్కటీ లేదు. ఆ తర్వాత ప్రశ్నతో వచ్చింది ఒక్కటీ లేదు. సమయాలు చూశాను. సాయంత్రం అయిదూ ఇరవై అయిదుకు పంపింది ఉదయం అయిదూ ఇరవై అయిదుకు. అయిదూ నలభైకి పంపింది అయిదూ నలభైకి. సరిగ్గా పన్నెండు గంటలు. ఇవన్నీ నేను నా చేతితోనే రాసుకున్నాను. రాసుకుని చదవలేదు.

శనివారం తెల్లవారుజామున నాలుగింటికి లేచాను. అది నా అలవాటే. చలి పరీక్ష మీద డీవియేషన్ రాసి, ముప్ఫైలో రెండు పట్టలేదని దాచకుండా రాసి, సరిగ్గా నాలుగు గంటలకు ఆయనకు పంపాను. ఆ రాణి చెయ్యి చాపినప్పుడు ఆమె గుండె ఎలా కొట్టుకుందో ఆ పాఠంలో ఎప్పుడూ చెప్పలేదు. నాకు కొంచెం తెలిసింది.

మధ్యాహ్నం మూడున్నరకు వాళ్ళ ఇంటి బెల్ కొట్టాను. చెప్పకుండా ఒకరి ఇంటికి వెళ్ళడం ఈ దేశంలో నేను చేసింది అదొక్కసారే. ఆయన భార్య తలుపు తీసి, నన్ను చూసి వెనక్కి చూసింది.

"అన్నయ్యగారూ. ఆయన ఎవరినీ రావద్దన్నారండీ."

"తెలుసమ్మా. అరగంట కూర్చుని వెళ్ళిపోతాను. మాట్లాడించను."

"మాట్లాడటానికేముందండీ" అంది. లోపలికి రమ్మంది.

ముందు గదిలో సోఫాలు తీసేసి ఆసుపత్రి మంచం వేశారు. పరదాలు సగం వేసి ఉన్నాయి. ఆయన పడుకుని ఉన్నారు. సగం మనిషి అయ్యారు. గొంతుకు కట్టు, ముక్కుకు గొట్టం. ఒక మిషను నెమ్మదిగా ఊపిరిలా చప్పుడు చేస్తోంది. దుప్పటి మీద రెండు చేతులూ వెల్లకిలా ఉన్నాయి.

"రోజులో ఎప్పుడైనా ఓ గంట లేస్తారండీ. మందుల మత్తు" అంది ఆమె.

"ఆఫీసు పని చేస్తున్నారా అమ్మా?"

ఆమె నన్ను వింతగా చూసింది. "పనేంటండీ? ఆపరేషన్ నాటి నుంచి ఆ లాప్‌టాప్ తెరిస్తే ఒట్టు. అదిగో." పుస్తకాల అర మీద మూసి ఉంది. పైన సన్నగా దుమ్ము. "ఆఫీసు వాళ్ళు ఒక్కసారీ ఫోన్ చెయ్యలేదు, మర్చిపోయారేమో అనుకున్నానండీ."

ఆమె టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. నేను కుర్చీలో కూర్చుని గోడ గడియారం చూస్తున్నాను. నాలుగు కొట్టింది. జేబులో ఫోన్ కదిలింది.

ఆయన పేరు. "సరే. చలి పరీక్ష ఫలితం చూశాను. ఫరవాలేదు. మంచి పని చేశారు గురువుగారూ. ఈ విషయం ఇంతటితో ముగిసింది."

ఆయన చేతుల వైపు చూశాను. వేళ్ళు కదలలేదు. ఫోన్ వెలుగు ఆయన దుప్పటి మీద పడుతోంది. ఆయన నా ఎదురుగా ఊపిరి తీస్తున్నారు, ఆయన నా చేతిలో నాకు అనుమతి ఇస్తున్నారు. ఈ ఇద్దరిలో ప్లాంట్‌ను నడుపుతున్నది మంచం మీదున్న మనిషి కాదు. లేచి వెళ్ళిపోవాలనిపించింది.

తల ఎత్తేసరికి ఆయన కళ్ళు తెరిచి నన్ను చూస్తున్నారు.

ఫోన్ ఆయన కళ్ళ ముందు పెట్టాను. చాలాసేపు చదివారు. పక్కనున్న పలక వైపు చూపు తిప్పారు. పిల్లలు రాసి చెరిపేసుకునే ప్లాస్టిక్ పలక. అందించాను. అక్షరాలు వంకరగా వచ్చాయి. తెలుగులోనే రాశారు.

"నాకంటే మర్యాదగా రాసింది."

నవ్వబోయాను. ఆయన చెరిపి మళ్ళీ రాశారు.

"మూడు రోజులకే పెట్టాను. తీయడం మర్చిపోయా."

తర్వాత తెలిసింది అదే. ఆపరేషన్ జరిగే మూడు రోజులు మాత్రం, తాను పన్నెండు గంటల్లోగా చూడని మెయిల్‌కు ఆ ప్రోగ్రామ్ తానే జవాబు పంపేలా, శుక్రవారం పాఠం కూడా తానే పంపేలా అమర్చుకున్నారు. మూడో రోజు ఆయనకు స్పృహ లేదు. ఆపేవాళ్ళు లేరు. పన్నెండు పాఠాలూ అయ్యాక పదమూడోది అదే అల్లుకుంది.

మళ్ళీ చెరిపారు. ఈసారి ఎక్కువసేపు పట్టింది. పలక నా వైపు తిప్పారు.

"మీరు చూశారా?"

పదకొండేళ్ళు ఫోన్‌లో విన్న ప్రశ్న. నన్ను విసిగించిన ప్రశ్న.

"లేదండీ" అన్నాను. "ఇది చూడలేదు. గ్రీజు మార్చినప్పుడూ చూడలేదు. ఏదీ చూడలేదు."

ఆయన కోప్పడలేదు. పలకను గుండెల మీద పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. ఇక్కడే ఉంటాను, వెళ్ళి చూసి రండి అన్నట్టు ఉంది.

సోమవారం పొద్దున్నే ఆ అమ్మాయితో కలిసి చలి గదిలోకి వెళ్ళాను. పెద్ద ఉక్కు తలుపు, లోపల గాలి చప్పుడు, ముప్ఫై బకిల్స్ వరసగా బల్ల మీద, అన్నింటి మీదా తెల్లటి పొడి మంచు. చేతి తొడుగులు వేసుకుని ఒక్కొక్కటీ లాక్ చేశాను. టక్, టక్, టక్. ముప్ఫై ఒకే చప్పుడు. ఏ చెవికీ తేడా తెలియదు.

"ఇగ గుంజుండ్రి అంకుల్."

నేరుగా లాగితే రెండు ఊడాయి. ఆమె రిపోర్టులో ఉన్నవి అవే. తర్వాత నాకెందుకో కారులో కూర్చున్న మనిషి పక్కకు ఒరిగినట్టు ఏటవాలుగా లాగాలనిపించింది. మొదటిది పట్టుకుంది. రెండోది పట్టుకుంది. నాలుగోది నా చేతిలోకి జారి వచ్చేసింది, ఏ చప్పుడూ లేకుండా. మొత్తం ఏడు.

ఆ అమ్మాయి నోటి నుంచి పొగ వస్తోంది. "మిషన్ సీదా గుంజుతది అంకుల్. గీ తీరుగ గుంజదు."

"నువ్వు రమ్మన్నప్పుడే రావాల్సింది" అన్నాను.

"ఇప్పుడైతే వచ్చిండ్రు కదా. నడువుండ్రి, మీ మోకాలు గడ్డకడుతది."

పైకి వచ్చేసరికి ట్రక్కు లోడ్ అయి ఉంది. ప్రోగ్రామ్ మేనేజర్ డైరెక్టర్ అనుమతి ప్రింటు తీసుకుని నా టేబుల్ దగ్గర నిలబడ్డాడు. ఇంకేం కావాలి, పైనుంచి వచ్చింది కదా అన్నాడు. నేను శనివారం నాలుగు గంటలకు ఎక్కడ కూర్చున్నానో చెప్పాను. అతని ముఖం తెల్లబడింది. కానీ ఆశ్చర్యం మాత్రం కనబడలేదు. పన్నెండు గంటల సంగతి తనకూ అనుమానంగా ఉండేదన్నాడు. మరి ఎందుకు అడగలేదన్నాను. పని ఆగలేదు కదా అన్నాడు.

అతన్ని తిట్టే అర్హత నాకు లేదు. ఆ మాటే నేనూ ఏడు వారాలు మనసులో అనుకున్నాను.

నేను సంతకం పెట్టలేదు. ట్రక్కు దించారు. అంతటితో కాదు. మూడో వారంలో నేను సంతకం పెట్టిన గ్రీజు డీవియేషన్ మీద అప్పటికే కొన్ని పెట్టెలు కార్ల కంపెనీ గోదాముకు చేరాయి. నా సంతకం నేనే రద్దు చేసుకుంటున్నానని, తప్పు నాదని రాసి పంపాను. పెట్టెలు వెనక్కి వచ్చాయి, కార్లకు బిగించకముందే. నాకు లిఖితపూర్వకంగా మందలింపు వచ్చింది. అదీ ఫైల్‌లో పెట్టాను. ఆ అమ్మాయి వీసా కాగితాలకు ఏమీ కాలేదు. ఆమె రిపోర్టు మొదటి నుంచీ నిజమే చెప్పింది కాబట్టి, కాదనడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

కంప్యూటర్ విభాగం వాళ్ళు వచ్చి ఆ ప్రోగ్రామ్‌ను ఆపేశామన్నారు. ఎక్కడి నుంచి నేర్చుకుందో చూపించారు. మెయిల్స్ కొన్ని, నా మినిట్స్ చాలా. ఆయన ప్రశ్నలన్నీ ఫోన్‌లో గాలికి పోయాయి. కాగితం మీద మిగిలినవి నా గడియలు. చెవుల్లేని రాజును నేనే తయారుచేశాను, తేదీల వారీగా, పేజీ నంబర్లతో.

ఆయన ఆ నెలాఖరున పోయారు. అంతకు ముందు నేను ఇంకోసారి వెళ్ళి చూసి వచ్చాను. ఏడు బకిల్స్ అని చెబితే తల ఊపారు. పలక అడగలేదు.

తర్వాత స్ప్రింగులు మార్చి, పాత గ్రీజుకు వెళ్ళి, అన్నీ మళ్ళీ పరీక్షించాం. ఆఖరి రిపోర్టు నేనే రాశాను. ఈసారి ఆయన ప్రశ్నలు కూడా రాశాను. పదకొండేళ్ళ డైరీల నుంచి ఏరి, ఒక్కొక్క ప్రశ్న కింద జవాబు. ఎవరు చూశారు. ఎవరు చూడలేదు. చూడకుండా వదిలేసింది ఏమిటి. ఒక ఉదయం తొమ్మిదింటికి అందరికీ పంపాను. పంపాక చూసుకుంటే, అలవాటు కొద్దీ మొదటి చిరునామా ఆయనదే.

ఆ రాత్రి మంచు కురిసింది. ఆ రిపోర్టుకు జవాబు వచ్చిందని నేను చూసింది మర్నాడు ఉదయం ఆఫీసులో. కొత్త సరుకు ఆఖరి విడత విడుదల కాగితం నా ముందు ఉంది, కలం చేతిలో ఉంది. మెయిల్స్ తెరిస్తే పైన ఆయన పేరు. రాత్రి సరిగ్గా తొమ్మిదింటికి వచ్చింది.

ఒకే వాక్యం. "మీరు చూశారా గురువుగారూ?"

కంప్యూటర్ విభాగానికి ఫోన్ చేశాను. ఆపేశామంటే అనుమతులు ఇచ్చే అధికారం తీసేశాం, జవాబులు పంపే చిరునామా మూయడం మిగిలిపోయింది, ఇప్పుడే మూసేస్తాం, క్షమించండి అన్నాడు అవతలి అతను. మీ రిపోర్టు నుంచే ఆ మాట ఎత్తుకుని ఉంటుంది అన్నాడు. నిజమే అయ్యుంటుంది. ఇంకో రకంగా అనుకోవడానికి ఆధారం ఏమీ లేదు.

ఫోన్ పెట్టేసి కాగితం వైపు చూశాను. ఆఖరి విడతను ఆ అమ్మాయి చూసింది. రిపోర్టు బాగుంది. నేను చూడలేదు.

కోటు వేసుకుని, తొడుగులు వెతుక్కుని, మెట్లు దిగాను. చలి గదిలో ముప్ఫై బకిల్స్. ఒక్కొక్కటీ లాక్ చేసి, నేరుగా లాగి, తర్వాత పక్కకు లాగాను. ముప్ఫై పట్టుకున్నాయి. పైకి వచ్చి సంతకం పెట్టాను.

జవాబు రాద్దామని చూస్తే ఆ చిరునామా అప్పటికే మూసేశారు. అందుకని డైరీ తీసి, తేదీ వేసి రాశాను: "చూశానండీ."